బొచ్చు లేని బంబుల్‌బీలు

ట్వైజెల్, జనవరి 12

ప్రియమైన నాన్నగారికి,

టకానినిలో మీరూ అన్నయ్యా వదినా కులాసా అనుకుంటాను. ఫోన్ వద్దు, ఉత్తరమే రాయమన్నారుగా, రాస్తున్నాను. మీరు నేర్పినట్టే తోటలో బొద్దు తుమ్మెదల్ని, అదే, బంబుల్‌బీల్ని లెక్కపెడుతున్నాను. రెండు పసుపు పట్టీలు, మాసిన తెల్లతోక ఉన్నవే ఎక్కువ. మూడు పట్టీలు, కోలముఖం ఉన్న రకం అయిదే కనబడ్డాయి.

అసలు సంగతి: కంచె పక్క నేలలో ఓ బొరియ ఉంది. పసుపూ నలుపూ పట్టీలవి అందులోకి అదే పనిగా వచ్చిపోతున్నాయి. వీటికి మాత్రం బొచ్చు లేనట్టుంది. మధుబాబు దగ్గరగా కూర్చుని వీడియో తీస్తానంటున్నారు. ఫొటో జతచేశాను, చూసి చెప్పండి. జువాలజీ లెక్చరరుగారి మాటే మా ఆయనకి వేదం!

మీ వర్షిత

టకానిని, జనవరి 19

చిట్టితల్లికి ఆశీస్సులు.

ఫొటో చూశాను. బంబుల్‌బీలే, అనుమానం అక్కర్లేదు. నేల బొరియల్లో కాపురం వాటి అలవాటు. ముసలివాటికి వీపు మీద బొచ్చు రాలిపోతుంది, నా బట్టతలలాగే. అల్లుడిగారిని నిక్షేపంగా కూర్చోమను.

నాన్న

క్రైస్ట్‌చర్చ్, జనవరి 28

నాన్నగారూ,

అవి కందిరీగలు నాన్నా! శనివారం ఆయన బొరియ పక్కన ఇలా మోకాళ్లూనారో లేదో, గుంపంతా లేచింది. నలభై చోట్ల కుట్టాయి. "వర్షీ, ఊపిరాడట్లేదే" అన్నారు. అంతే, పడిపోయారు. పెదాలు నీలంగా అయిపోయాయి. హెలికాప్టర్‌లో ఇక్కడి ఆసుపత్రికి తెచ్చారు. రెండు రోజులు మాట లేదు, నిన్న కళ్లు తెరిచారు.

అదే ఫొటో నర్సుకి చూపించాను. ఒక్క క్షణం చూసి కందిరీగలని చెప్పేసింది. ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పిన మీకెలా తెలియలేదు?

వర్షిత

టకానిని, ఫిబ్రవరి 3

అమ్మా వర్షితా,

ఇది మీ వదిన ఉషశ్రీ చేతిరాత. నేను చెబుతుంటే ఏడుస్తూ రాస్తోంది. తనకీ ఈ పూటే తెలిసింది.

నా చూపులో నడిమిభాగం పోయి ఏడాదయింది; సూటిగా చూసింది కనబడదు, అంచులే కనబడతాయి. నీ ఉత్తరం భూతద్దంతో కూడబలుక్కుని చదివాను. ఫొటోలో మాత్రం ఓ పసుపు మరక తప్ప ఏమీ కనబడలేదు. కనబడలేదని ఒప్పుకుంటే ఇక నన్నెవరూ ఏదీ అడగరనిపించింది. అబద్ధమాడాను. నా అహం అల్లుడి ప్రాణం మీదికి తెచ్చింది.

గురువారం మీ అన్నయ్య కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాడు. తర్వాత అక్కడికొచ్చి మధుబాబు ముందు నిలబడతాను. ఏమన్నా పడతాను.

ఇంకొకటి కూడా దాచను. క్రిస్మస్ సెలవులకి నువ్వు వచ్చినప్పుడు తలుపు తీసింది నేనేగా. ఎదురుగా ఉన్నది నువ్వని నీ గొంతు వింటేగానీ తెలియలేదు తల్లీ.

నాన్న