నల్లమందు

3 మార్చి 1987
గుంటూరు నుంచి వచ్చాం. డాక్టరు అమ్మ నోట్లోకి టార్చి వేసి చూశాడు. తర్వాత బయటకి వచ్చి పానకాలు అన్నయ్యతో మాట్లాడాడు. అమ్మతో కాదు, నాతోనూ కాదు. అంగిట్లో కాన్సరట. ముదిరిపోయిందట. ఇంటికి తీసుకెళ్లి బాగా చూసుకోమన్నాడట. బాగా చూసుకోవడమంటే ఎలాగో చెప్పాడా అని అడిగితే, అన్నయ్య నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

అమ్మకి మాత్రం పిప్పిపన్ను అని చెప్పాలట.

6 మార్చి
చిన్నప్పటినుంచీ అమ్మది అడ్డచుట్ట. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, రాట్నం మీద కండెలు చుడుతూ తాగేది. చీరాలలో మా నేతవీధి ఆడవాళ్లలో సగంమంది అంతే. నిప్పు బయటికుంటే రవ్వ నూలు మీద పడుతుందనేది. నూలు కాలకూడదు. అంగిలి కాలినా ఎవరికీ నష్టం లేదు!

11 మార్చి
అమ్మ తల గోడకి కొట్టుకుంటోంది. అన్నయ్య గుళ్లో ఆకుపూజ చేయించాడు. అమ్మ నోటి పుండు వాసనకి పక్కవాళ్లు ఏమనుకుంటారోనని సుబ్బరావమ్మ వదిన వీధితలుపు మూసింది. అందరూ ఏదో ఒకటి చేస్తున్నారు. నొప్పి తగ్గించే పని తప్ప.

14 మార్చి
మా స్కూల్లో జక్రయ్య మాస్టారు చెప్పారు, నల్లపాడు అవతల సిస్టర్ల ఆసుపత్రి ఉందని, వాళ్లత్తగారిని చివర్లో అక్కడే చూశారని. సెలవు పెట్టి అమ్మని తీసుకెళ్లాను. అన్నయ్యకి చెప్పలేదు.

డాక్టరమ్మ మంచం మీద కూర్చుని అమ్మనే అడిగింది, ఎక్కడమ్మా నొప్పి, ఎప్పుడెక్కువ, నిద్ర పడుతోందా అని. ఇన్నాళ్లకి అమ్మని ఎవరో అడిగారు. నాకు ఏడుపు ఆగలేదు. జబ్బు తగ్గదమ్మా, నొప్పి మాత్రం తగ్గిస్తాను అని మొహం మీదే చెప్పింది. అమ్మ తలూపింది. ఆ పిప్పిపన్ను నాటకం అమ్మకెప్పుడో తెలుసు.

మార్ఫిన్ సిరప్ ఇచ్చారు. నొప్పి వచ్చేదాకా ఆగకుండా, నాలుగేసి గంటలకి ఒక చెంచా.

16 మార్చి
అమ్మ జావ తాగింది. నిద్రపోయింది. సాయంత్రం రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుట్టింది. చుట్ట అడగలేదు.

18 మార్చి
స్కూలు నుంచి వచ్చేసరికి సీసా ఖాళీ. అన్నయ్య తీసుకెళ్లి చూపిస్తే, అది నల్లమందుతో చేసిందని మెడికల్ షాపతను అన్నాడట. అన్నయ్య మొత్తం తూములో పోశాడు. అలవాటైపోతుందట! చచ్చిపోతున్న మనిషికి అలవాటైపోతుందట! నాన్న సారా తాగి పోయాడు, అమ్మని ఆ దారిన పోనివ్వనన్నాడు. ఏడుస్తూనే అన్నాడు. ఏడిస్తే సరిపోతుందా?

నిన్న అదే చేత్తో అమ్మ తలగడ కింద చుట్టల కట్ట పెట్టాడు, పాపం ఆశపడుతుందని. అప్పుడు గుర్తురాలేదు అలవాటు.

19 మార్చి
మళ్లీ నల్లపాడు. సిరప్ లేదు. స్టాకు తెప్పించాలంటే లైసెన్సు రెన్యూ కావాలట. ఏదో ఆఫీసులో కాగితం పడుందట. డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాను. ఆవిడ తప్పేముంది? కోపం ఎవరి మీదో ఒకరి మీద చూపించాలిగా. వేరే మాత్రలు నూరి పట్టమంది. ఇచ్చి చూశాను. వాటికి ఈ నొప్పి లొంగడం లేదు.

24 మార్చి
అమ్మకి మాట పోయింది. చెంచాతో తాగినట్టు చెయ్యి నోటి దగ్గరకి తెచ్చి చూపిస్తోంది. నావైపు చూసి, తర్వాత అన్నయ్య వైపు చూసి. అన్నయ్య పరమాన్నం వండించి తెచ్చాడు.

27 మార్చి
అమ్మ పోయింది. చెయ్యి నోటి దగ్గరే ఉండిపోయింది.

29 మార్చి
చిన్నదినం. దొడ్లో విస్తరి వేసి అమ్మకిష్టమైనవన్నీ పెట్టారు. పరమాన్నం, గారెలు, వెలిగించిన చుట్ట. పిట్ట ముట్టలేదు. ఏదో కోరిక మిగిలిపోయింది, ఆలోచించండర్రా అన్నారు పెద్దవాళ్లు. ఏం కావాలో చెప్పమ్మా అని అన్నయ్య చేతులు జోడించాడు.

నేను లోపలికెళ్లి ఖాళీ సీసా తెచ్చి విస్తట్లో పెట్టాను.

అన్నయ్య చెయ్యి దాని దాకా వచ్చింది. తీయలేకపోయాడు.