ఎద్దుగేరు కారు

కృష్ణా జిల్లా జగ్గయ్యపేటలో సొంత ఇంట్లో కాపురముంటున్న, కీర్తిశేషులు ముక్కపాటి బ్రహ్మయ్యగారి రెండవ కుమారుడు వీరరాఘవయ్య అనే నేను, డెబ్భైరెండో ఏట, నా తదనంతరం నా ఆస్తి ఎవరికి ఎలా చెందాలో నిర్ణయిస్తూ రాసుకున్న వీలునామా ఇది.

నా తలకాయ సవ్యంగా ఉంది. ఈ సంగతి మీద ఊళ్ళో రెండు అభిప్రాయాలున్నాయని తెలుసు కాబట్టి డాక్టరుగారి సర్టిఫికెట్టు జతపరుస్తున్నాను. అందులో బీపీ ఉందని కూడా రాశారు. అది మెదడుకు సంబంధించింది కాదు, మా చెల్లెలి భర్త వరప్రసాదరావుకు సంబంధించింది. నన్నెవరూ బలవంతపెట్టలేదు. పిల్లలు లేరు కనుక బలవంతపెట్టేవాళ్ళే తక్కువ. ఇంతకుముందు నేను రాసిన మూడు వీలునామాలూ ఇందుమూలంగా రద్దు. అవి కోపంలో రాసినవి. ఇది కూడా కోపంలోనే రాస్తున్నాను గానీ, ఈసారి కోపం సరైన మనిషి మీద.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నందిగామ లాయరు జగన్నాథరావుగారికి అప్పగిస్తున్నాను. నా దగ్గర పుస్తకం తీసుకుని అడక్కుండా తిరిగి ఇచ్చిన మనిషి ఈ రెండు ఊళ్ళలో ఆయన ఒక్కడే.

2. జగ్గయ్యపేటలోని ఇల్లు, పెనుగంచిప్రోలులో మున్నేటి పక్కనున్న నాలుగెకరాల మాగాణి, నా భార్య భారతీదేవికి సర్వహక్కులతో చెందాలి. అమ్ముకున్నా, దానం చేసినా, బీడు పెట్టినా ఎవరూ అడగరాదు.

3. నా పుస్తకాలు నాలుగు వందల పన్నెండు. ఇవి ఊరి గ్రంథాలయానికి ఇవ్వాలి. 1968లో ఒక పుస్తకంలో పేజీ చించానని అక్కడి గుమాస్తా నా మీద రాసిన కాగితాన్ని ముందు చించెయ్యాలి. మోటారు యంత్రాల మీద ఉన్న పదకొండు పుస్తకాలు మాత్రం గ్రంథాలయానికి కాదు, మా అన్న కొడుకు భవానీప్రసాద్‌కు. నా కారు ఇంజను పీకి బోరుబావికి పెట్టుకుంటానని అతను నేను బతికుండగానే ఇద్దరితో అన్నాడు. ఇంజను దక్కదు. ఇంజను గురించి చదువుకోవచ్చు.

4. కారు. 1950 మోడలు ప్లీమత్, నల్లది. దీని గురించి కొంచెం వివరంగా రాయక తప్పదు.

పెట్రోలు ధర పెరిగిన 1974లో, రేడియేటరులో నీళ్ళు లేవని డ్రైవరు చెబుతున్నా వినకుండా, గరికపాడు చెక్‌పోస్టు దాకా పోనిమ్మని నేనే అన్నాను. ఇంజను బ్లాకు పగిలింది. డ్రైవరు ఆ నెలలోనే ఆర్టీసీలో చేరిపోయాడు. తరువాత బెజవాడ ఆటోనగర్‌లో బోల్తాపడ్డ వ్యాను తాలూకు డీజిల్ ఇంజను ఒకటి దొరికింది. దాన్ని ప్లీమత్‌లో కూర్చోబెట్టే పని, చిల్లకల్లు వెళ్ళే దారిలో షెడ్డు ఉన్న స్తెఫనుకు ఇచ్చాను. ఇంజను దించడం, ఎక్కించడం పెద్ద పని కాదని, దాని వెనక ఏ గేర్‌బాక్సు పెట్టాలన్నదే అసలు పని అని మొదట చెప్పింది అతనే.

రెండు దారులు కనిపించాయి. ఒకటి కారుతో వచ్చిన మూడు గేర్ల పెట్టె, గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉంటుంది. రెండోది పాత లారీ నుంచి తీసిన నాలుగు గేర్ల పెట్టె, రాడ్డు కింద నేల లోంచి వస్తుంది. వరప్రసాదరావు రోజూ వచ్చి షెడ్డులో కూర్చుని మూడు గేర్ల తరఫున వాదించేవాడు.

“కంపెనీవాడు పిచ్చోడా బావా? మూడు చాలని వాడే పెట్టాడు. నాలుగోది నీకెందుకు, ఆకాశంలోకి పోతావా?”

నేను పదకొండు పుస్తకాలూ చదివి, నాలుగు పేజీల లెక్క వేశాను. పెట్రోలు ఇంజను వేగంగా తిరిగి బలం తెచ్చుకుంటుంది. డీజిల్ ఇంజను మెల్లగా తిరుగుతూనే గట్టిగా తోస్తుంది. ఆ తోపుకు మూడు గేర్ల పెట్టెలోని షాఫ్టు ఆగదు, ఆగినా పళ్ళ లెక్క కుదరదు. స్తెఫను నాలుగు పేజీలూ మర్యాదగా చూసి మడిచి ఇచ్చాడు.

“లెక్క బానే ఉందండీ. బండి ఎవరు తోలతారు?”

“నేనే,” అన్నాను.

అతను తల గోక్కున్నాడు. నేను తోలడం ఒకసారి చూసి ఉన్నాడు. వరప్రసాదరావు భోజనానికి వెళ్ళాక మజ్జిగ పట్టుకొచ్చిన భారతీదేవి గుమ్మంలోంచే అంది. “తోలేది నేను స్తెఫనూ. ఆయన కూచుంటారు.”

“ఏ బండి మీద నేర్చుకున్నారమ్మగారూ?”

“చెవిటికల్లులో, మా నాన్న ధాన్యం లారీ మీద. పెళ్ళికి ముందు.”

“ఇంకేవండీ మరి. లారీ పెట్టే బిగిద్దాం.”

గేర్‌బాక్సు ఎంపిక అంతటితో అయిపోయింది. మూడు గేర్లు ఓడిపోయాయని వరప్రసాదరావు షెడ్డుకు రావడం మానేశాడు. నా నాలుగు పేజీలు ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి. అవి ఎవరికీ ఇవ్వడం లేదు.

ఆ ఇంజనుకూ ఈ పెట్టెకూ బోల్టులు కలవవు. మధ్యలో అంగుళం మందం ఇనప పలక పెట్టాలి. దాని మధ్య బెజ్జం వెంట్రుకవాసి పక్కకు పోయినా నెల తిరక్కుండా బేరింగులు పోతాయి. స్తెఫను, ఆ వెంట్రుకవాసి తేడాను ముల్లుతో చూపించే డయల్ గేజి తగిలించి, ఇంజన్ని చేత్తో తిప్పుతూ, ముల్లు కదలకుండా ఉండేదాకా మూడు రోజులు ఆ పలకతోనే కాపురం చేశాడు. తరువాత ముందు సీటును రెండు ముక్కలు చేసి, భారతీదేవిని కూర్చోబెట్టి, కళ్ళు మూసుకుని ఎడమ చెయ్యి చాపమన్నాడు. చెయ్యి ఎక్కడ ఆగిందో అక్కడికి గేరు రాడ్డు వచ్చేలా కొలిమిలో కాల్చి రెండుసార్లు వంచాడు. ఆవిడ ఎత్తు అయిదడుగులకు రెండంగుళాలు తక్కువ. నేను ఆరడుగులు. పదేళ్ళుగా ఆ రాడ్డును చూసి “వంకర పని” అని నవ్వినవాళ్ళలో ఒక్కడికీ అది ఎవరి చేతికి వంచిందన్న అనుమానం రాలేదు.

కారు నందిగామ రోడ్డు మీద గంటకు నలభై అయిదు మైళ్ళు పోయింది. తోలింది భారతీదేవి.

ఇక నా సంగతి. లారీ గేర్లు మార్చాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కాలి, మధ్యలో ఇంజను చప్పుడును బట్టి అదను చూసుకోవాలి. ఎందుకలా తొక్కాలో నేను తెలుగులోనూ ఇంగ్లీషులోనూ చెప్పగలను. నా కాళ్ళకు రెండు భాషలూ రావు. మొదటి గేరులో బయల్దేరడం ఒక్కటే వచ్చింది. లైసెన్సు ఇద్దరికీ ఉంది. నాది ఎలా వచ్చిందో ఇక్కడ రాయను.

అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నాం. దారంతా ఆవిడ తోలుతుంది. జగ్గయ్యపేట అర మైలు ఉందనగా జిన్నింగు మిల్లు గోడ పక్కన ఆపి సీట్లు మారతాం. అక్కణ్ణుంచి బజారు మీదుగా ఇంటిదాకా నేను మొదటి గేరులో, మనిషి నడిచే వేగంతో తీసుకొస్తాను. నందిగామలో పొగాకు గోడౌను దగ్గర కూడా ఇంతే. స్త్రీల సమానత్వం మీద గ్రంథాలయ వారోత్సవాల్లో మూడేళ్ళు వరసగా ఉపన్యాసమిచ్చాను. బజార్లో పెళ్ళాం పక్కన ఎడమ సీట్లో కూర్చోవడం నావల్ల కాలేదు. ఎవరు తోలుతారో బయట చెప్పవద్దని స్తెఫనును అడిగాను. “నాకెందుకండీ, చెప్పను” అన్నాడు. చెప్పలేదు.

ఊరు చూసింది మాత్రం పాకుతూ వచ్చే కారును. 1977లో ఒక ఉదయం బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో, అయిదుగురు టాక్సీవాళ్ళు స్తెఫనుతో మాట్లాడుతున్నారు. తమ కార్లకు కూడా డీజిల్ ఇంజన్లు ఎక్కించి, ఇలాంటి పెట్టెలే బిగించమని. వరప్రసాదరావు అందరికీ వినపడేలా అన్నాడు.

“మా బావ కారు చూసి మరీ ఇవ్వండయ్యా బండ్లు! కూరలమ్మే ముసల్ది దాటిపోద్ది దాన్ని. ఎద్దుగేరు బిగించాడు మనోడు.” తరువాత నా వైపు తిరిగాడు. “నువ్వే చెప్పు బావా. రెండో గేరు పడుద్దా, పడదా?”

స్తెఫను నా వైపు చూశాడు. ఎక్కువసేపు కాదు. నేను టీ ఊదుకుని, “పడదు” అన్నాను.

అతను గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. టాక్సీలు అయిదూ బెజవాడ వెళ్ళాయి. ఆ తరువాత అతని షెడ్డుకు ఇంజను మార్చమని ఒక్క కారూ రాలేదు. ఇప్పుడు పత్తి రైతుల స్ప్రేయర్లు బాగుచేస్తున్నాడు. 1983లో కూతురు జయమణి పెళ్ళికి శుభలేఖలు పంచుతుంటే, బజార్లో ఎవరో “ఎద్దుగేరు స్తెఫను కూతురా?” అన్నారు. నేను అక్కడే ఉన్నాను. శుభలేఖ చదువుతున్నట్టు నిలబడ్డాను.

కాబట్టి నేను స్పృహలో ఉండి ప్రకటించేదేమంటే: సదరు కారుకు స్తెఫను బిగించిన గేర్‌బాక్సు అన్ని గేర్లలోనూ నిక్షేపంగా పనిచేస్తున్నది. పదమూడేళ్ళలో ఒక్క బేరింగు మార్చలేదు. లోపం తోలినవాడిది. అబద్ధం నాది.

కారు భారతీదేవికి చెందాలి. ఇంజను, గేర్‌బాక్సు విడదీయరాదు. గేరు రాడ్డును తిన్నగా చెయ్యరాదు.

5. ఆ మూడు గేర్ల పెట్టెను గ్రీజు పట్టించి గోతాంలో కట్టి ఉంచాను. అది వరప్రసాదరావుకు. దాన్ని అంతగా ప్రేమించినవాడు ఇంకొకడు లేడు. మోయడానికి ఇద్దరు మనుషులు కావాలి. తానొక్కడే ఎత్తుతానంటే ఎత్తనివ్వాలి. అయితే రెండు షరతులు. నా పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక, లాయరుగారు పై నాలుగో అంశాన్ని ఆ హోటల్లో బిగ్గరగా చదవాలి. తరువాత వరప్రసాదరావు కారు వెనక సీట్లో కూర్చుని గరికపాడు నుంచి నందిగామ దాకా భారతీదేవి తోలుతుండగా ప్రయాణం చెయ్యాలి. డీజిల్ చప్పుడుకు అతని మాటలు ముందుకు వినపడవు. ఆవిడకు ఇబ్బంది ఉండదు.

6. స్తెఫనుకు అతని డయల్ గేజి. పని లేక 1981లో దాన్ని అమ్ముకున్నాడు. నందిగామలో పాత ఇనుము కొట్లో మేకుల డబ్బా పక్కన కనిపిస్తే కొన్నాను. తిరిగి ఇవ్వాలంటే ఎందుకు కొన్నానో చెప్పాలి. అందుకని ఆరేళ్ళుగా బీరువాలో పుస్తకాల వెనక ఉంది. నెలకోసారి నూనె గుడ్డతో తుడుస్తున్నాను. ముల్లు ఇప్పటికీ సున్నా దగ్గరకే వస్తుంది. ఇంతకు మించి అతనికి ఏమీ రాయడం లేదు. రాస్తే ఆ “పడదు” అన్న మాటకు ఖరీదు కట్టినట్టుంటుంది.

7. భారతీదేవి తోలేటప్పుడు వీపు వెనక పెట్టుకునే దిండు ఆవిడదే గనుక నేనిచ్చేదేమీ లేదు. కానీ అది టైలరు కుట్టాడని చెప్పాను. నేనే కుట్టాను. మూల దగ్గర ఆ కుట్లు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

అనుబంధం. పై ఏడు అంశాలూ ఆదివారం రాసి బల్ల మీద పెట్టాను. కళ్ళజోడు తుడుచుకుని వచ్చేసరికి భారతీదేవి చదువుతోంది. “పడదు” అన్న చోట ఆగింది. ఆ మాట నేనన్నానని ఆవిడకు పదేళ్ళుగా తెలియదు.

“మీరు పోయాక ఇది చదివితే స్తెఫనుకి ఏం ఒరుగుద్దండీ? అతనికీ అరవై దాటినయ్. ముందు ఎవరు పోతారో ఎవరికి తెలుసు?” అంది. తరువాత అంది: “బుధవారం సంతకాలకి నందిగామ వెళ్ళాలిగా. ఇంటి దగ్గర్నించే నేను తోలతా. మీరు ఎడం పక్క కూచోండి. హోటలు ముందు ఆపుతా.”

బీపీ సంగతి గుర్తు చేశాను.

“మాత్రేసుకుని రండి,” అంది.

ఈ ఉదయం ముందు షెడ్డు దగ్గర ఆగి స్తెఫనును ఎక్కించుకున్నాం. గేజి చేతికిచ్చాను. అతను గుడ్డ విప్పి, ముల్లు చూసి, మళ్ళీ చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి బజారులోకి వచ్చాం. జిన్నింగు మిల్లు దగ్గర బండి ఆగలేదు. హోటలు ముందు ఆగింది. ఇంజను ఆపలేదు. నేను దిగాను.

“ఏం బావా, అక్కయ్యకి పని చెప్పావ్? కాళ్ళు పడిపోయినయ్యా?” అన్నాడు వరప్రసాదరావు.

“రెండో గేరు పడుద్ది,” అన్నాను. “పదమూడేళ్ళ నించీ పడతానే ఉంది. వెయ్యడం నాకు రాదు. వేసేది మీ అక్కయ్య. స్తెఫను పనిలో వంక లేదు. ఆ రోజు నేను అబద్ధం చెప్పా.”

హోటల్లో పదకొండు మంది ఉన్నారు. లెక్కపెట్టాను. వరప్రసాదరావు టీలో చక్కెర తక్కువైందని హోటలాయనతో తగువు పెట్టుకున్నాడు. టాక్సీవాడొకడు బయటికి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, కారు కిందికి చూశాడు. స్తెఫను దిగి పక్కన కూర్చుని వేలు పెట్టి ఏదో చూపించాడు. వాళ్ళు లేచేదాకా ఆగాం.

కాబట్టి అయిదో అంశంలో హోటల్లో చదవాలన్న షరతు కొట్టివేశాను. వెనక సీటు షరతు అలాగే ఉంది. ఆరో అంశం నెరవేరింది గనుక రద్దు.

చిల్లకల్లు దాటి పెద్ద రోడ్డెక్కాక, స్తెఫను వెనక సీట్లోంచి ముందుకు వంగి అన్నాడు. “నాలుగు వేసుకోండమ్మగారూ.”

వేసింది. గేరు పళ్ళ చప్పుడు రాలేదు.

ఇది నేను చదువుకుని, సరిగా ఉందని తెలుసుకుని, నందిగామలో లాయరుగారి ఆఫీసులో 1987 అక్టోబరు 14, బుధవారం నాడు సంతకం చేశాను. కొట్టివేతలు రెండు, వాటి పక్కన పొడి సంతకాలు ఉన్నాయి.

(సం.) ముక్కపాటి వీరరాఘవయ్య

ఆయన మా కళ్ళెదుట సంతకం చేయగా, ఆయన ఎదుటే మేమూ చేశాము.

సాక్షులు:
1. కె. ఆరోగ్యమ్మ, ఉపాధ్యాయురాలు, నందిగామ
2. పి. వెంకటరత్నం, లాయరుగారి గుమాస్తా, నందిగామ