వదిన వేసిన విస్తరాకు

అన్నా,

నువ్వు తాగుడు వల్ల పోలేదేమోనని ఈ ఉదయం తొమ్మిది గంటలకు వదిన మొదటిసారి అంది. నువ్వు పోయి నేటికి ఆరేళ్లు.

నాకు హెపటైటిస్ సి వచ్చింది. కాలేయాన్ని పాడుచేసే వైరస్. రోజుకో మాత్ర చొప్పున మూడు నెలలు వేసుకోవాలి. ఇది రెండో నెల. చింతామణి ఊర్లో మీటింగులకు వెళ్తున్నాను, పేపరుకు వార్తలు పంపుతున్నాను. మధ్యాహ్నానికి సత్తువ ఉండదు, కాసేపు పడుకుంటాను. అంతకు మించి ఇబ్బందేమీ లేదు.

ఈ రోజని బాగేపల్లిలో వదిన దగ్గరికి వచ్చాను. నా జబ్బు సంగతి ఆమెకు ముందే ఫోనులో చెప్పాను. వదిన పిల్లలకు స్టీలు పళ్లేల్లో దోసెలు పెట్టి, నాకు విస్తరాకు వేసింది. మర్యాద అనుకున్నాను. నీళ్లు కూడా పేపరు కప్పులో ఇచ్చింది.

"ఏమీ అనుకోవద్దప్పా, ఇంట్లో పిల్లోళ్లు ఉండారు."

"ఇది ఎంగిలితో రాదు వదినా, రక్తంతో వస్తాది. నాయన పోయినప్పుడు అన్నకూ నాకూ ఒకే బ్లేడుతో గుండు గీసిరి కదా, అట్లాంటి వాటితో."

ఆమె గరిట పక్కన పెట్టింది.

"అయితే మీ అన్నకూ ఇదే ఏమో! తాగి లివరు చెడగొట్టుకున్నాడని ఊరంతా అంటాండిరి. నేనూ అంటి."

నువ్వు తాగేవాడివి, అది నిజం.

"అప్పుడు అన్నకు ఈ వైరస్ పరీక్ష చేయలేదు. ఇప్పుడు చెప్పేకి కాదు."

"పేపరోడివి! సావుకి కూడా సాక్ష్యం కావాల నీకు."

విస్తరాకు తీసేసి, నీ పళ్లెం నా ముందు పెట్టింది.

నీతో ఇన్నేళ్లు కాపురం చేసిన వదిన రక్తాన్ని ఇంతవరకు ఎవరూ పరీక్షించలేదు. రేపు ఏడింటి బస్సులో ఆమెను చిక్కబళ్ళాపుర ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను.