అమ్మ పాడిన మిగతా సగం

ఎమీల్ అంకుల్,

మీరు పోయి నేటికి ఏడాది. హామిల్టన్‌లో మళ్లీ మంచు మొదలైంది. నేనింకా మీ బేస్‌మెంట్‌లోనే ఉంటున్నాను. మీరుండే పై అంతస్తుకు తాళం వేసి, తాళంచెవి నాకిచ్చి వెళ్లారు మీ అబ్బాయి.

హైతీలో మీ అమ్మగారు క్రియోల్ భాషలో పాడిన జోలపాటను జాజ్‌లో కలిపి శాక్సఫోన్ మీద వాయించేవారు మీరు. ప్రతిసారీ ఒకే చోట ఆపేసేవారు. ఎందుకని అడిగితే, "అక్కడికి నాకు నిద్ర పట్టేసేది. మిగతాది అమ్మకే తెలుసు" అనేవారు.

ఊరంతా స్టూడెంట్లే, రూములు దొరకడం లేదు. పోయిన వారం కరీంనగర్ నుంచి కెనడా వచ్చిన శ్రావ్య నా దగ్గరే సర్దుకుంది. తనకు మీ పేరు కూడా తెలియదు. ఈ ఉదయం బియ్యం కడుగుతూ ఆ పాటే కూనిరాగం తీసింది. మీరు ఆపే చోట ఆగలేదు. చివరిదాకా వెళ్లింది.

"ఎక్కడ విన్నావ్?" అన్నాను.

"పైన ఆంటీ రోజూ పాడుతరు కదక్కా. మెల్లగ, ఎవరినో పండబెడుతున్నట్టు."

పైకి వెళ్లి చూశాను. వేసిన తాళం వేసినట్టే ఉంది.

మీరు నిద్రపోయాక కూడా అమ్మగారు పాడుతూనే ఉండేవారన్నమాట. మీరు లేస్తారేమోనని, తలుపు తీయకుండానే దిగి వచ్చేశాను.