కుడి దవడ పన్ను సంగతి

చిరంజీవి బంగారుతల్లికి నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. మీ అమ్మ మోకాళ్ళు మాత్రం తమ క్షేమసమాచారం వేరే ఉత్తరంలో రాసుకుంటామంటున్నాయి. నువ్వూ, అల్లుడుగారూ, నా మనవరాలూ కులాసా అని తలుస్తాను. ఐదో నెల దాటింది కనుక వాంతులు తగ్గి ఉంటాయి. మెట్లెక్కేటప్పుడు పరుగులు పెట్టకు.

పళ్ళ క్లినిక్ మూసేశాక నాన్న ఎలా పొద్దుపుచ్చుతున్నాడని అడిగావు. గోడ గడియారాలు బాగుచేస్తున్నాను. మూడింటిని బాగుచేశాను, మూడూ ఆగిపోయాయి. పళ్ళయితే నొప్పి పుట్టి చెప్పేవి, పాపం వీటికి నోరు లేదు అంటుంది మీ అమ్మ.

ఇక నీ అసలు ప్రశ్న. అక్కడి పళ్ళ డాక్టరమ్మ నీ నోట్లో ఉన్న ఒకే ఒక్క వెండి ఫిల్లింగును చూసి, అందులో పాదరసం ఉంది, కడుపులో బిడ్డకు మంచిది కాదు, వచ్చేవారం తీసేసి తెల్లది పెడతానందని రాశావు. ఇప్పుడు వద్దమ్మా. అందులో దాదాపు సగం పాదరసమే, నిజం. నమిలినప్పుడు కాస్త ఆవిరి వస్తుంది, అదీ నిజం. ఆ కాస్తా హాని చేస్తుందా చేయదా అని నేను కాలేజీలో చేరకముందు నుంచీ వాదించుకుంటూనే ఉన్నారు. ఈమధ్య పిల్లలకూ గర్భిణులకూ కొత్తగా పెట్టవద్దంటున్నారు. కానీ గట్టిగా ఉన్నదాన్ని తొలిస్తే, ఊరికే ఉన్నప్పటికంటే ఎక్కువ ఆవిరి ఒక్కసారిగా లేస్తుంది. నొప్పి లేదు, పగుళ్ళు లేవు అన్నావుగా, కాన్పయ్యేదాకా దాన్ని కదిలించవద్దు. నా మాట ఒక్కటే నమ్మి ఊరుకోకు, మీ కాన్పుల డాక్టరునూ అడుగు. ఆ పన్ను విషయంలో నన్ను ఎందుకు నమ్మకూడదో కూడా చెప్పాలి.

నీకు తొమ్మిదేళ్ళప్పుడు ఫిల్లింగుల్లో విషం ఉందని పేపర్లో ఒక వార్త వచ్చింది. మర్నాడే ఎదురు దుకాణం దర్జీ ఆ కాగితం మడిచి పట్టుకొచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మా పిల్లల నోట్లో పెట్టింది మీ పిల్ల నోట్లో పెడతారా డాక్టరుగారూ?" అన్నాడు.

వారం తిరిగేసరికి బయటి బెంచీ ఖాళీ. పక్కవీధి డాక్టరు 'ఇక్కడ పాదరసం వాడము' అని బోర్డు కట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పదిహేనేళ్ళు వెండిపొడిలో పాదరసం పోసి, నూరి, వందల నోళ్ళలో కూర్చిన చేతులివి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషిని, నీకు తెలియనిదా?

ఆ శనివారం దర్జీనీ, మరో ముగ్గురినీ పిలిచి, వాళ్ళ ఎదుటే నిన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఆ వెండి ఫిల్లింగే నీ పంటికి పెట్టాను. నువ్వు నా చొక్కా గుండీ పట్టుకున్నావు గానీ ఏడవలేదు. ఆ తర్వాత ఎవరు అనుమానపడినా నిన్ను పిలిచి నోరు తెరవమనేవాణ్ణి. ఎంత గర్వంగా చూపించేదానివో. బెంచీ మళ్ళీ నిండింది.

పాదరసం పెట్టినందుకు కాదమ్మా నేను కుమిలిపోతున్నది. అప్పుడు నమ్మే పెట్టాను. నీ పంటికి అసలు పుచ్చే లేదు.

పిల్లలన్నాక ఒక్క పుచ్చు పన్నైనా దొరక్కపోతుందా అనుకుని దర్జీవాళ్ళను పిలిచాను. ఒక్కటీ దొరకలేదు. ఆ పన్ను వచ్చి మూడేళ్ళే, సూదిమొన ఎక్కడా దిగలేదు. దూది అందిస్తున్న మీ అమ్మ, పుచ్చు ఎక్కడండీ అని మెల్లగా అడిగింది. నీకు కనపడదులే అన్నాను. నలుగురూ చూస్తున్నారు, పరువు అడ్డొచ్చింది. డ్రిల్లు పెట్టేశాను.

ఇంటికొచ్చాక నా పన్ను ఎందుకు పుచ్చింది నాన్నా అని అడిగావు. చాక్లెట్లు తినబట్టి అన్నాను. నువ్వు రేకుడబ్బాలో దాచుకున్నవన్నీ తెచ్చి నా బల్ల మీద పోశావు. ఇక ముట్టలేదు. పుట్టినరోజున నీ కేకు ముక్క కూడా పక్కపిల్లకు ఇచ్చేదానివి. నేను చూస్తూ ఊరుకున్నాను. సిగ్గులేని మనిషిని.

చిన్నది చాక్లెట్టుకు మారాం చేస్తే నీ పన్ను చూపించి, తాతయ్య మాట వినకపోతే ఇలా అవుతుందని చెబుతున్నానని పోయిన ఉత్తరంలో రాశావు. మీ అమ్మ అది చదివి, మడిచి, నా చేతిలో పెట్టింది.

"మీరు రాస్తారా, నన్ను రాయమంటారా?" అంది.

ఇరవై మూడేళ్ళలో ఆ సంగతి ఆమె ఎత్తడం ఇదే మొదలు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడు రాస్తున్నాను. క్షమించమని అడిగే ముఖం లేదు. తిట్టాలనిపిస్తే తిట్టు, పడతాను. నువ్వు చేసిన తప్పు మాత్రం ఏదీ లేదని తెలుసుకో. చిన్నదానికి ఒక చాక్లెట్టు ఇవ్వు, పడుకునే ముందు పళ్ళు తోమించు, చాలు. నువ్వూ ఒకటి తిను తల్లీ. కుడివైపే నములు, ఏమీ కాదు.

ఇట్లు,
నీ మంచి పన్ను తొలిచిన
నాన్న