రెండోదీ మూడోదీ ఒక్కటే

మంగళవారం, మార్చి 11

గౌరవనీయులైన వదినకు,

మీ ఆడపడుచు తల వంచి నమస్కరించి రాస్తున్నది. నేను తల వంచానంటే అన్నయ్య కూడా నమ్మడు, అయినా నిజం. ఇక్కడ నేను కులాసా. మీ కంపైలరు అంతకంటే కులాసా. కొత్త మిషన్ మీద లేచి కూర్చుంది వదినా.

శుక్రవారం కల్లా గది ఖాళీ చేయాలనీ, పాత మిషన్ తుక్కుకు పోతుందనీ మేనేజరు చెప్పి మూడు వారాలైంది. లిస్ప్ భాషలో రాసిన ప్రోగ్రామును మిషన్ భాషలోకి మార్చే మీ కంపైలరు బతికున్నది ఆ ఒక్క మిషన్ మీదే. పైగా మీరు దాన్ని లిస్ప్‌లోనే రాశారాయె, దాన్ని కట్టాలంటే మళ్ళీ అదే కావాలి. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు. అందుకని పాత మిషన్ మీదే కొత్తదానికి సరిపడే కంపైలరును కట్టి అటు పంపాను. అది నిలబడకపోతే మీ ఇరవై ఏళ్ళ కష్టం తుక్కుబండి ఎక్కేది.

తీరా నడిపితే, ఒకటి చూపించమంటే కోటీ అరవై ఏడు లక్షల పైచిలుకు చూపించింది. మిషన్లు బాగుచేసే స్పానరు బాబాయి, కొత్త కోడలు కదా కాస్త బెదురుంటుందిలే అని ఓదార్చాడు. నేను మాత్రం ఆ అంకెను మూడుసార్లు చదువుకున్నాను. ఏడేళ్ళ కిందట ఇంకో మిషన్‌కు ప్రయత్నించినప్పుడు వచ్చిందీ ఇదే అంకె. పెద్ద మీరు కాబట్టి తప్పూ మీదే అనుకున్నాం. చేతకాకపోతే తప్పుకోమనండి అని మీటింగులో అందరి ముందూ అన్నది నేనే. మీరు గది తాళాలు నా చేతిలో పెట్టి, బడిలో లెక్కలు చెప్పుకోవడానికి వెళ్ళిపోయారు. అప్పట్నుంచీ పెళ్ళిళ్ళలో ఎదురుపడితే బాగున్నారా అంటే బాగున్నారా అనుకోవడమే మిగిలింది.

ఈసారి పట్టుకున్నాను. పాత మిషన్ అంకెలోని పెద్ద ముక్కను ముందు దాస్తుంది, కొత్తది చిన్న ముక్కను; తిరగేసి చదివితే ఒకటి కాస్తా కోటి దాటుతుంది. లోకంలోని మిషన్లన్నీ మన మిషన్‌లాగే దాస్తాయనుకుని ఎవరో మహానుభావులు రాసిన ఒక్క లైను ఇంత పని చేసింది. దిద్దాను. ఇవాళ మధ్యాహ్నం కొత్త మిషన్ మీద మొదటి కంపైలరు రెండోదాన్ని కట్టింది, రెండోది మూడోదాన్ని కట్టింది. రెండోదీ మూడోదీ ఒక్క బైటు తేడా లేకుండా ఉండాలని కదా మీ నియమం. సరిగ్గా అలాగే ఉన్నాయి, ఇక పాత మిషన్ సాయం లేకుండానే తనను తాను కట్టుకోగలదు. నేను ఎగిరి గంతేస్తే స్పానరు బాబాయి టీ అంతా కీబోర్డు మీద పడింది. పాపం, తన తువ్వాలుతోనే తుడిచాడు.

ఇట్లు,
మీ ఆడపడుచు

తా.క. బుధవారం ఉదయం: ఎవరో అని రాశాను గానీ, ఆ లైను నాదే వదినా. ఒప్పుకోవడానికి చెయ్యి రాలేదు. ఇప్పుడే పాత మిషన్ ఖాళీ చేస్తుంటే, మీ సొంత ఫోల్డరులో అదే లైనుకు మీ దిద్దుబాటు కనబడింది. తేదీ ఆ మీటింగుకు ముందు రోజు. కింద మీరు రాసుకున్న మాట: ఇది బయటపెడితే పిల్ల ఉద్యోగం పోతుంది, చేరి ఇంకా ఆర్నెల్లు కాలేదు. అన్నీ తెలిసీ నా చేత మాట పడ్డారు. నా దిద్దుబాటు తీసేసి మీదే చేర్చాను, మీ పేరుతో, మీరు వేసిన తేదీతో. నాకంటే మూడు లైన్లు తక్కువలో ముగించారు. శుక్రవారం సెలవు పెట్టి వచ్చి, అందరి ముందూ నన్ను తిట్టండి.