రెండు గుర్తులున్న డిస్కు

జూన్ 3, మంగళవారం
వికారాబాద్‌లోని నా కంప్యూటర్ రిపేర్ షాపుకు తాండూరు నుంచి అతియా అనే టీచర్ వచ్చింది. ఆమె తెచ్చిన హార్డ్ డిస్కులో వాళ్లమ్మ జహీరాబీ పెళ్లిళ్లలో పాడిన ఢోలక్ పాటలు ఉన్నాయట. గొంతు ఆపరేషన్ అయ్యాక జహీరాబీకి మాట పోయింది. అమ్మీ గొంతు ఇప్పుడు గిండ్లనే ఉంది, జర పైలం అంది. ఇంకా ఏదో చెప్పింది. నేను ఫోన్‌లో వేరే కస్టమర్‌తో మాట్లాడుతూ తలూపాను.

జూన్ 4, ఉదయం 11
డిస్కును లినక్స్‌లో మౌంట్ చేయబోయాను, అంటే తెరవబోయాను. మామూలుగా డిస్కు మొదట్లో ఉన్న గుర్తు చూసి, ఫైళ్లు ఏ పద్ధతిలో సర్ది ఉన్నాయో, అంటే ఏ ఫైల్ సిస్టమో, లినక్స్ అదే పసిగడుతుంది. దీంట్లో రెండు గుర్తులు దొరికాయి. ఒకటి లినక్స్ వాడే ext4, రెండోది పెన్‌డ్రైవ్‌లలో ఉండే FAT32. ఏది నిజమో తేల్చలేక, రకం నన్నే చెప్పమని ఆగిపోయింది.

మెషీన్ ఆగింది. నేను ఆగలేదు. ext4 అన్నాను. ఎర్రర్ వచ్చింది. రిపేర్ పెట్టి, అడిగిన ప్రతిదానికీ యెస్ కొట్టాను. కాపీ తీయకుండానే.

సగంలో ఉండగా అతియా మాట గుర్తొచ్చింది. ముందు స్కూల్లో లినక్స్ కంప్యూటర్‌కు వాడినం, తర్వాత ఫార్మాట్ చేసి పాటలు ఏసినం అంది. అంటే ext4 పాత గుర్తు. చెరిగిపోకుండా మిగిలింది. పాటలు FAT32లో ఉన్నాయి. రిపేర్ పేరుతో వాటి మీదే రాసేశాను.

జూన్ 5
అతియా ఫోన్ చేసింది. డిస్కు వచ్చేటప్పటికే పోయిందని చెప్పాను. పోనీలే నీలిమక్కా, నువ్వేం జేస్తవ్ అంది. నన్నే ఓదార్చింది.

జూన్ 7
రెండు ప్రింటర్లు బాగుచేశాను. రెండూ పనిచేస్తున్నాయి. ఏమీ అనిపించలేదు.

జూన్ 9
మొదటే చేయాల్సిన పని ఇవాళ చేశాను. డిస్కు మొత్తం కాపీ తీసి, అందులో ఆడియో ఆనవాళ్లు వెతికించాను. రెండు వందల పైచిలుకు ఫైళ్లలో పంతొమ్మిది దొరికాయి. పేర్లు లేవు. కొన్ని మధ్యలో తెగాయి.

చచ్చిన డిస్కులోంచి ఇవి తీశానంటే అతియా నాకు దండం పెడుతుంది. ఆ ఆలోచన వచ్చింది. వచ్చిందని రాసిపెడుతున్నాను.

జూన్ 10, సాయంత్రం
తాండూరు వెళ్లి జరిగిందంతా చెప్పాను. అబద్ధంతో సహా.  నేను నీకు చెప్పిన గద అంది అతియా. చెప్పావు, నేనే వినలేదన్నాను.

పక్కన కూర్చున్న జహీరాబీ పాటలు పెట్టమని సైగ చేసింది. పద్దెనిమిదింటికీ మోకాలి మీద తాళం వేసింది. పంతొమ్మిదోది పాట కాదు. రికార్డింగ్ ఆపడం మరిచినట్టున్నారు. పాలు పొంగిపోయాయని అందులో జహీరాబీ గొంతు అతియాను ఉర్దూలో తిడుతోంది. అది విని జహీరాబీ భుజాలు ఊగేలా నవ్వింది, చప్పుడు లేకుండా.

అతియా నవ్వలేదు.

జూన్ 12
అతియా మెసేజ్: అమ్మీ రోజూ గా తిట్లే పెట్టుమంటది. నువ్వు మాత్రం మల్ల రాకు.